ఖాజాబీని చంపిన నా ప్రార్థన

బతికున్న మనిషిని ప్రార్థన చేసి చంపిన ఘనత ఈ చుట్టుపక్కల నా ఒక్కదానికే ఉంది. కత్తి లేదు, కర్ర లేదు. కళ్లు మూసుకున్నాను, నోరు తెరిచాను, అంతే. అదీ ఆమె చేతి వంట మూడు రోజులు తిని, మళ్లీ మళ్లీ వేయించుకుని తిన్నాక. నమ్మకపోతే ఇబ్రహీంపట్నంలో బస్సు దిగి దీనమ్మ ఇల్లెక్కడని అడగండి. ఇల్లు చూపించేముందు ఈ కథే చెప్తారు. వాళ్లు కాస్త ఉప్పూ కారం ఎక్కువేసి చెప్తారు కాబట్టి, అసలు కథ నా నోట వినడమే మీకు నయం.

నేను చదివింది ఐదో తరగతి. అక్షరాలు కూడబలుక్కుంటాను గానీ, విన్న మాట మాత్రం మరవను. ఇరవై ఏళ్ల కిందటి పెళ్లిలో ఏ కూరలో ఉప్పు తక్కువైందో ఇప్పటికీ చెప్పగలను. మా ఆయన యాకోబు ఆటో నడుపుతాడు. మాకు పిల్లల్లేరు. మా అమ్మా బాపూ ఎప్పుడో పోయారు. ఇవన్నీ ఇప్పుడే చెప్పి పెడుతున్నాను, చివర్లో పనికొస్తాయి.

నాకు రెండు గుణాలున్నాయి. మొదటిది పట్టుదల. అందరూ పట్టిన కుందేలుకు మూడే కాళ్లుంటాయి. నేను పట్టిన కుందేలుకు అసలు కాళ్లే ఉండవు, అది పాకవలసిందే. రెండోది ప్రార్థన. చర్చిలో నేను ప్రార్థనకు లేచానంటే, ఆడవాళ్లంతా పొయ్యి ఆర్పి వచ్చామా లేదా అని ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. "నువ్వు ఆమేన్ అనేలోపు నేను కొంగరకలాన్ దాకా ఒక ట్రిప్పేసి వస్త" అంటాడు మా ఆయన. ఉత్తమాట కాదు. ఒక క్రిస్మస్‌కు వేసి వచ్చాడు.

ఇది ఏడేళ్ల కిందటి మాట. మా చర్చి స్త్రీల సమాజానికి పెద్ద రత్నకుమారి గారు. గుంటూరు వైపు నుంచి వచ్చి నాదర్‌గుల్‌లో స్థిరపడ్డారు. తలుపు తీయడానికి కూడా ఒక పద్ధతి ఉంటుందనే మనిషి. ఒక ఆదివారం ఆమె లేచి, "మనం మూడు రోజులు మిషన్ ట్రిప్‌కి వెళ్తున్నామండీ" అన్నారు. నేను ఏ కొండల్లోకో, ఏ అడవుల్లోకో అనుకుని రెండు దుప్పట్లు, టార్చిలైటు, విరేచనాల మాత్రలు, పాము కాటుకు ఏదో వేరు కూడా సర్దుకున్నాను. తీరా చూస్తే మంచాల ఊరు దాటాక పొలాల మధ్య ఉన్న ఆడపిల్లల ఇల్లు. మా గుమ్మం నుంచి అరగంట. మా ఆయనే ఆటోలో దించాడు.

"పైలం దీనమ్మా, పరదేశం వోతున్నవ్. చేరినంక ఉత్తరమెయ్యి."

"దూరం సంగతి నీకెందుకయ్యా? పట్టుదల ఉండాలె" అని మూట నెత్తిన పెట్టుకున్నాను.

లోపలికి వెళ్లగానే రత్నకుమారి గారు మా పన్నెండు మందినీ కూర్చోబెట్టి విషయం చెప్పారు. ఆ ఇంట్లో ముప్పై మంది పిల్లలు. ప్రతి నెలా రెండో శనివారం చూడ్డానికి వచ్చే రోజు. ఆ రోజు అమ్మమ్మలు, మేనత్తలు, చిన్నాన్నలు టిఫిను డబ్బాలతో వస్తారు. ఎవరూ లేని పిల్లలు మాత్రం గేటుకెదురుగా ఉన్న పిట్టగోడ మీద కూర్చుని, పొద్దుగూకేదాకా రోడ్డు చూస్తారు. అలాంటి గోడ పిల్లలు పన్నెండు మంది. వాళ్ల పేర్లే పన్నెండు చీటీలు.

"ఎవరి చీటీలో ఎవరొస్తే ఆ పాపతో ఈ మూడు రోజులూ గడపండి. ఆఖరి రోజు మీకు మనసైతే నిలబడి, స్పాన్సరుగా ఉంటానని చెప్పండి. బట్టలూ పుస్తకాలూ ఒక ఎత్తు, రెండో శనివారం రావడం ఒక ఎత్తు. మాటిచ్చాక మానకూడదు. ఇంకో సంగతి. అమ్మానాన్నల గురించి పిల్లల్ని ఒక్క మాట కూడా అడగొద్దండీ. మనసు కష్టపెట్టుకుంటారు."

ఆ చివరి మాట నేను నా చెంగుకు ముడేసుకున్నాను. నా కొంప ముంచింది ఆ ముడే.

నా చీటీలో వచ్చిన పేరు సంధ్య. తొమ్మిదేళ్ల పిల్ల. గోడ మీద ఒక్కతే కూర్చుని గచ్చకాయలు ఎగరేస్తోంది.

"సంధ్యా, నేను దీనమ్మను బిడ్డా. ఏం జేస్తున్నవ్?"

"కనబడ్తలేదా?"

"నీకేం ఇష్టం?"

"ఊకుండుడు."

"నాతోని మాట్లాడవా మరి?"

"మాట్లాడుతున్న గద."

రాతి మీద విత్తనం చల్లినట్టుంది వ్యవహారం. సరిగ్గా అప్పుడే వెనక నుంచి ఎవరో నా కొంగు పట్టి లాగారు. తిరిగి చూస్తే ఆరేళ్ల బుల్లిది. బూరెల్లాంటి బుగ్గలు. మిగతా పిల్లలందరూ తొడుక్కున్న ఆకుపచ్చ గౌనే, ఎవరో దాత ఇచ్చిన తానులోంచి అందరికీ ఒకేలా కుట్టించింది. "పెద్దమ్మా, నన్నెత్తుకో" అంది. పేరు చిన్ని అట. ఎత్తుకున్నాను. మెడ చుట్టూ చేతులు వేసి నా చెవిపోగుతో ఆడుకోవడం మొదలుపెట్టింది. ఇక చెప్పేదేముంది! చీటీ రాసింది మనుషులు, చెయ్యి కలిపింది దేవుడు అనుకున్నాను. సంధ్య గోడ మీదే ఉంది. నేను చిన్నిని చంకనేసుకుని వెళ్లిపోయాను.

ఆ ఇంట్లో వంట ఖాజాబీది. పక్క ఊళ్లోనే పుట్టి పెరిగిన మనిషి, వంటింటి వెనక గదిలో ఉంటుంది. ఆమె చింతకాయ పప్పు తింటే, ఈ మాట ఒప్పుకోవడానికి సిగ్గుగా ఉంది గానీ, తిన్నాక చేసే ప్రార్థన కూడా పొట్టిదైపోతుంది. మళ్లీ పప్పు వేయించుకోవాలి కదా.

ఇప్పుడు నా తెలివి చూడండి. చిన్నికి రోజూ పొద్దున్నే నూనె రాసి, పాపిడి తీసి, రెండు జడలు వేసి, ఎర్ర రిబ్బన్లు కట్టి ఉండేవి. "నీకు నువ్వే ఏస్కున్నవా బిడ్డా?" అంటే తలూపింది. ఆరేళ్ల పిల్ల దేనికైనా తలూపుతుంది. నేనేమో, ఎవరూ లేకపోతే పిల్లలు ఎంత తొందరగా పని నేర్చుకుంటారో పాపం అని కళ్లొత్తుకున్నాను. మధ్యాహ్నం వంటింట్లోంచి ఉడికిన గుడ్డు తెచ్చుకుని తింటోంది, ఇంకెవరికీ లేదు. దేవుడు ఎలాగో దారి చూపిస్తున్నాడు అనుకున్నాను. సాయంత్రం పిల్లలంతా పెద్ద గదిలోకి వెళ్తే ఇది మాత్రం వంటింటి వెనక్కి పోతోంది. దిక్కులేని పిల్లను పొయ్యి పక్కన పడుకోబెడతారా, ఈ సంగతి వార్డెనుతో తేల్చాల్సిందే అనుకున్నాను. మీకు ఈపాటికి అర్థమైపోయి ఉంటుంది. నాకు కాలేదు. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అంటారు. నా దగ్గర తల్లి ఉంది, తండ్రి ఉన్నాడు, బిడ్డ పేరు మాత్రం అనాథ.

రెండో రోజు మధ్యాహ్నం భోజనాల వరసలో చిన్ని, దాని పక్కనే సంధ్య కూర్చున్నారు. నేను ఖాజాబీ చెవిలో, "ఖాజాబీ, ఆ పిల్లకు జర పెరుగు ఎక్కువెయ్యి. తల్లి లేని పిల్ల" అన్నాను.

ఖాజాబీ కళ్లలో నీళ్లు తిరిగాయి. "అవ్ అమ్మా, నాకెర్కలేదా?" అని, వెళ్లి సంధ్య పళ్లెంలో రెండు గరిటెలు పెరుగు గుమ్మరించింది.

ఇదేంటి, ఈమె పొరపాటు పడిందే అనుకున్నాను. పొరపాటు దిద్దే పట్టుదల నాకుంది కదా. వంగి, సంధ్య పళ్లెంలోంచి పెరుగు తీసి చిన్ని పళ్లెంలో వేశాను. సంధ్య నా మొహం వైపు చూసింది. ఖాజాబీ గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది. ఆ పూట నాకు పప్పు రెండోసారి అడిగినా వేయలేదు. ఎందుకా అనుకున్నాను.

తినడం అయ్యాక చేతులు కడుక్కునే కుళాయి దగ్గర సంధ్య నా పక్కకు వచ్చింది. తనంతట తాను రావడం అదే మొదలు.

"నీకొకటి జెప్పాలె."

"చెప్పు బిడ్డా."

"గా చిన్ని లేదా, చిన్నికి..."

"ఉష్!" అని పెదాల మీద వేలు పెట్టాను. "ఒకరి కష్టం ఇంకొకరికి జెప్పొద్దు. పాపం తగుల్తది."

"కష్టమా?"

"అవ్. నాకంత ఎరుకే."

"అంత ఎరుకనా?"

"అంత ఎరుకే."

సంధ్య నన్ను పైనుంచి కిందికి ఒకసారి చూసింది. "అయితె సరే" అని వెళ్లి గోడెక్కింది.

మూడో రోజు వీడ్కోలు సభ. హాలు నిండా పిల్లలు, వార్డెను, మా ఆడవాళ్లు. ఒక్కొక్కరే లేచి తమ పిల్ల తల మీద చెయ్యి వేసి, స్పాన్సరుగా ఉంటామని చెప్పి, రెండు మాటల ప్రార్థన చేసి కూర్చుంటున్నారు. రెండు మాటలేమిటి! అరగంట ఆటో ఎక్కి వచ్చింది రెండు మాటలకా? నా వంతు రాగానే చిన్నిని ముందుకు లాక్కొచ్చి తల మీద చెయ్యి వేశాను. చిన్ని పల్లీపట్టీ నములుతోంది.

రత్నకుమారి గారు గబగబా లేచారు. "దీనమ్మగారూ, మీ చీటీలో సంధ్య కదండీ?"

"చీటీది ఒక తీరు, దేవునిది ఒక తీరు అమ్మగారూ."

"అది కాదండీ, ఆ పాప అసలు..."

"జర ఆగుండ్రి, నాకు ప్రార్థన పొంగుతున్నది" అని కళ్లు మూసుకున్నాను.

"ప్రభువా!" అన్నాను. హాలు పైన రేకులు గణగణమన్నాయి. "ఈ దిక్కులేని పసిదాన్ని జూడు తండ్రీ! దీని తల్లిని ఎంత తొందరగా తీస్కపోయినవ్! ఏ జ్వరమిచ్చి తీస్కపోయినవో, ఏ పాము గరిపించి తీస్కపోయినవో!"

ఎవరో దగ్గారు. ఇంకెవరో దగ్గారు. కదిలిపోతున్నారు అనుకున్నాను. రత్నకుమారి గారు "ఆమేన్" అన్నారు. ప్రోత్సాహం అనుకున్నాను. మళ్లీ "ఆమేనండీ!" అన్నారు. రెట్టించాను. పక్కామె నా జాకెట్టు చెయ్యి పట్టి గుంజింది. ఆమెకూ పూనకం వస్తోందని చెయ్యి విదిలించుకున్నాను. చుట్టూ వెక్కిళ్లు వినిపిస్తున్నాయి. ఇంతమందిని ఏడిపించిన ప్రార్థన నా జన్మలో చేయలేదు. అవి నవ్వు ఆపుకునే వెక్కిళ్లని నాకు ఎవరు చెప్తారు?

"దీనికి అన్నం వండి పెట్టే చెయ్యేది ప్రభువా? నూనె రాసి తల దువ్వే చెయ్యేది?"

"గీడనే ఉంది!" అని జవాబు వచ్చింది.

నిజం చెప్తున్నాను, నా ఒళ్లు జలదరించింది. పై నుంచి ఇంత తొందరగా జవాబు రావడం ఎన్నడూ లేదు. "ఏడుంది ప్రభువా?" అన్నాను.

"నీ ముందల్నే ఉంది. కండ్లు దెరువ్!"

తెరిచాను. ఎదురుగా ఖాజాబీ. చేతిలో గరిటె, గరిటె నుంచి కారుతున్న పప్పు.

"నేను జిందా ఉన్న గదమ్మా! మూడు దినాలు నా చేతి బువ్వ దిని, నన్నే పాముతోని గరిపిస్తివా?"

చిన్ని నోట్లో పల్లీపట్టీ దవడ పక్కకు నెట్టుకుని, "అమ్మీ, ఈ పెద్దమ్మ నిన్ను సంపింది" అని ఫిర్యాదు చేసింది.

"ఇంటున్నగదనే! దీని అబ్బా పొద్దుగాల్నే ట్రాక్టర్ దీస్కొని వోయిండు. ఆయన్ను గూడ సంపినవా?"

"లేదు ఖాజాబీ... ఇంక ఆడిదాక రాలే" అన్నాను.

అప్పటిదాకా ఆపుకున్న హాలంతా ఒక్కసారి బద్దలైంది. వార్డెను కుర్చీ చేతిని కొడుతోంది. పద్ధతి గల రత్నకుమారి గారు పద్ధతి వదిలేసి కొంగు నోట్లో కుక్కుకున్నారు. భూమి చీలితే బాగుండును అనుకున్నాను. నేను నిలబడ్డ చోటు మాత్రం గట్టి సిమెంటు.

ఖాజాబీ కూడా నవ్వింది, మంచి మనిషి. "పోనీలే, సచ్చిండ్రన్నోళ్లకు ఆయుష్షు పెరుగుతదంటరు. నీ దువాతోని ఇంకో ఇరవై ఏండ్లు బతుకుత." అంతలోనే నవ్వు ఆపేసింది. "గని ఒక్కటడుగుత దీనమ్మా. నిన్న తల్లి లేని పిల్లకు పెరుగెయ్యిమని నువ్వే అంటివి. ఏస్తి. మల్ల ఆ పిల్ల పళ్లెంలకెల్లి ఎందుకు దీస్తివి?"

హాల్లో చూశాను. పదకొండు తలల మీద పదకొండు చేతులు. సంధ్య లేదు. తలుపులోంచి చూస్తే, గోడ మీద ఉంది, వీపు ఇటు తిప్పి. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికిందట ఒకామె. ఆమె నాకంటే వెయ్యి రెట్లు నయం. నేను తల్లి ఉన్న పిల్లను చంకనేసుకుని, దేవుడు నాకిచ్చిన పిల్లను గోడ మీద వదిలేశాను.

వెళ్లాను. ఆ పది గజాలు నడిచినంత బరువుగా నేను ఎప్పుడూ నడవలేదు.

"చిన్నికి అమ్మ ఉందని నీకెర్కేనాయె?"

"జెప్పబోతె ఉష్ అంటివి."

"తప్పయింది బిడ్డా. నేను నీకు స్పాన్సర్ అయిత."

"వద్దు."

"రెండో శనివారం వస్త."

"అందరంటరు."

"నేనొస్త."

గచ్చకాయలు చేతిలో తిప్పింది. "ప్రార్థన జేయనంటెనే రా."

చేపను నీళ్లు మానెయ్యమన్నట్టుంది. అయినా ఒప్పుకున్నాను. ఆ పిల్ల ముందు నోరు తెరిచి ప్రార్థన చేయనని ఆ గోడ మీద చెయ్యి వేసి చెప్పాను.

మొదటి రెండో శనివారం పెరుగన్నం డబ్బా పట్టుకెళ్లాను. పెరుగు ఎక్కువ, అన్నం తక్కువ. మొత్తం తిని, డబ్బా కడిగి చేతికిచ్చింది. తర్వాతి నెల వాన. మా ఆయన ఆటో మంచాల దగ్గర నీళ్లు తాగి మొండికేసింది. "తిరిగి వోదాం, వచ్చే నెల వస్తం" అన్నాడు ఆయన. "నువ్వు వో. నేను వస్తనన్న" అని డబ్బా నెత్తిన పెట్టుకుని నడిచాను. గొడుగు గాలికి తిరగబడి కొంగలా నోరు తెరిచింది. గేటు దగ్గరికి చేరేసరికి నేను, పెరుగన్నం, ఇద్దరం మజ్జిగ అయిపోయాం. సంధ్య వానలో గోడ మీదే ఉంది.

"లేటయింది" అంది.

తిట్టే అది, కానీ నా కోసం చూసినవాళ్లే అనగలిగే తిట్టు. ఇంటికొచ్చి రెండు రోజులు జ్వరంతో పడుకుని, ఆ మాటే తలచుకుని నవ్వుకున్నాను.

అలా ఎన్ని శనివారాలో. నేను గేటు తోయగానే వంటింట్లోంచి, "దీనమ్మా, నేనింక జిందానే!" అని ఖాజాబీ కేక పెట్టడం ఆనవాయితీ అయింది. చిన్ని పరుగెత్తుకొచ్చి డబ్బాలో సగం లాక్కునేది. మొదటి ఏడాది సంధ్య గోడ దిగలేదు. రెండో ఏడాది ఒక రోజు గోడ ఖాళీగా కనిపిస్తే పరుగున వెళ్లాను. చూస్తే గేటు ఊచలు పట్టుకుని నిలబడి ఉంది. "పెద్దమ్మా, డబ్బా నేను పట్టుకుంట తే" అంది. పెద్దమ్మా అని! దేవుడికి థాంక్స్ చెప్పాలని నోరు దురదపెట్టింది. నాలుక కరుచుకున్నాను. ఆటోలో తిరిగి వస్తూ మొదలుపెడితే, ఇల్లు చేరాక కూడా మా ఆయన ఆమేన్ కోసం ఆటోలోనే కూర్చున్నాడు.

సంధ్య ఇప్పుడు ఇంటరు మొదటి ఏడాది. మొన్న ఆ ఇంటి వార్షికోత్సవం జరిగింది. స్పాన్సర్లందర్నీ ముందు కుర్చీల్లో కూర్చోబెట్టారు. ఈసారి పెద్ద పిల్లలు వాళ్ల కోసం ప్రార్థన చేయాలట. సంధ్య వచ్చి నా వెనక నిలబడి, తల మీద చెయ్యి వేసింది.

"పెద్దమ్మా, కండ్లు మూస్కో."

మూసుకున్నాను.

"ప్రభువా!" అంది. హాలు పైన రేకులు గణగణమన్నాయి. "ఈ దిక్కులేని దీనమ్మను జూడు తండ్రీ! అమ్మ లేదు, బాపు లేడు, పిల్లల్లేరు. ఈమె మొగన్ని ఎంత తొందరగా తీస్కపోయినవ్! ఏ జ్వరమిచ్చి తీస్కపోయినవో, ఏ పాము గరిపించి తీస్కపోయినవో!"

దగ్గులు మొదలయ్యాయి. ఆనాడు గోడ మీద కూర్చుని విన్నది, ఏడేళ్ల తర్వాత, ఒక్క ముక్క పొల్లుపోకుండా! నాకే జ్ఞాపకశక్తి ఉందనుకున్నాను.

వెనక వరసలోంచి మా ఆయన, బిర్యానీ పళ్లెం చేతిలో పట్టుకుని లేచాడు. "ఏయ్ బిడ్డా! నేను జిందా ఉన్న!"

"ఏడున్నవ్ ప్రభువా?" అంది సంధ్య, కళ్లు తెరవకుండానే.

ఖాజాబీ గరిటె కిందపడేసి నేల మీద కూలబడి నవ్వింది. నేనూ నవ్వుతున్నాను. నవ్వుతున్నాననే అనుకున్నాను, బుగ్గలు తడిశాక తెలిసింది. ఆ గోలలో సంధ్య వంగి, నా చెదిరిన వెంట్రుకలు చెవి వెనక్కి దువ్వింది. "తల దువ్వే చెయ్యి గీడనే ఉంది పెద్దమ్మా" అంది, నాకు మాత్రమే వినబడేలా.

అందుకని, వినేవాళ్లందరూ సాక్షులుగా, ఖాజాబీ గరిటె మీద ఒట్టేసి చెప్తున్నాను. ఇకమీదట ముందు వంటింట్లోకి తొంగిచూసి, లోపల ఎవరున్నారో, ఎవరు ఎవరికి ఏమవుతారో నోరారా అడిగి తెలుసుకోకుండా, ఈ దీనమ్మ ఎవరి కోసమూ రెండు కళ్లూ మూయదు. తప్పనిసరైతే ఒకటే మూస్తుంది. రెండోది గరిటె మీదే ఉంటుంది.

ఆమేన్. చూశారా, ఈసారి ఎంత తొందరగా అన్నానో! మా ఆయన ఇంకా కొంగరకలాన్ కూడా చేరి ఉండడు.